వేలాడే కాలి కొలత

మూడో లాగుడుకి కుడికాలు పట్టీలోంచి ఊడి వచ్చేసింది.

సైకిలు స్టాండులో ఉంది. వెనక చక్రం కదలకుండా చెక్క దిమ్మ పెట్టి ఉంది. అందువల్ల ఎవరూ పడలేదు. పెడల్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్న గంటాయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని, "ఎడమకాలు పదికి పది. కుడికాలు రెండు," అన్నాడు.

"ఇంకోసారి లాగనా అండీ?"

"ఇంకోసారి లాగితే ఊడదా?"

ఆమె వంగి ఊడిన పట్టీ చూసుకుంది.

ఆమెను ఇంట్లో బొంగరం అంటారు. చిన్నప్పుడు ఒకచోట నిలిచేది కాదని అన్నయ్య పెట్టిన పేరు అది. ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆసుపత్రుల్లో తీసిన రక్తం నమూనాలను పెట్టెలో పెట్టుకుని పరీక్షశాలకు చేర్చడం ఆమె ఉద్యోగం. రోజుకు ముప్పై కిలోమీటర్లు తొక్కుతుంది. తొక్కేది ఫిక్స్‌డ్ గేర్ సైకిలు. మామూలు సైకిలు మీద తొక్కడం ఆపేసినా చక్రం తన మానాన తిరుగుతుంది. దీనికి ఆ వెసులుబాటు లేదు. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, వాటితోపాటు కాళ్ళూ తిరగాలి. వేగం తగ్గాలంటే కాళ్ళతోనే పెడళ్ళకు ఎదురు పట్టాలి. అందుకని పాదం పెడల్‌ని వదలకూడదు. వదిలితే తిరుగుతున్న పెడల్ వచ్చి పిక్కకు తగులుతుంది.

వీధిలో తిరిగేందుకు ఆమె ముందు చక్రానికి బ్రేకు ఉంది. ట్రాక్ మీదికి బ్రేకులు తేనివ్వరు. అక్కడ ఉన్నవి కాళ్ళే.

ఊరి చివర సిమెంటు ట్రాక్ అది. చుట్టు మూడు వందల ముప్పై మూడు మీటర్లు. మలుపుల దగ్గర గోడలా లేచి ఉంటుంది. పోటీల్లో ఆఖరి చుట్టుకు గంట కొట్టేది ఆయనే కనక ఆయన గంటాయన. క్లబ్బులో చేరే ప్రతి మనిషి కాళ్ళనూ ఆయన ముందు స్టాండు మీద చూస్తాడు. ఒక్కో కాలితో పదిసార్లు పైకి లాగాలి. ఊడితే ట్రాక్ లేదు. ముప్పై ఏళ్ళ కిందట ఆ ట్రాక్ మీదే ఆయన కాలు ఊడింది. ముక్కు ఇప్పటికీ కాస్త ఎడమ పక్కకే చూస్తుంది. ఆయన వెనక వస్తున్న నలుగురూ ఆయన మీదే పడ్డారు.

"ఇక్కడ అందరూ వాడేవి రెండు రకాలు," అన్నాడు గంటాయన. "ఒకటి క్లిక్ బూట్లు. అడుగున బిళ్ళ ఉంటుంది, పెడల్ దాన్ని పట్టుకుంటుంది. రెండోది ఇనప బుట్ట. బూటు ముక్కు అందులో దూర్చి తోలు పట్టీలు బిగిస్తారు. నువ్వు తెచ్చిన ఈ వెడల్పు పట్టీ సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ పోవడానికి సరిపోతుంది."

"ఇది పెట్టుకోకూడదని రూలుందా అండీ?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "లేదు. రూలు ఒకటే. ఊడకూడదు. మూడు వారాల తర్వాత ఆదివారం మళ్ళీ చూస్తాను. ఆ రోజుతో సభ్యుల పుస్తకం మూసేస్తాం. తర్వాత మళ్ళీ ఏడాదికే."

బొంగరం హెల్మెట్ తగిలించుకుని బయటికొచ్చింది. గోడకు ఆ ఏడాది సభ్యుల నంబరు గుడ్డలు తగిలించే మేకులున్నాయి. ఇరవై నాలుగు మేకులు. ఒక్క గుడ్డ మిగిలి ఉంది. పంతొమ్మిది.

కాలేజీలో ఆమె నాలుగు వందల మీటర్లు పరుగెత్తేది. పంతొమ్మిదో ఏట మెట్ల మీంచి పడి కుడి చీలమండ విరిగింది. ఒక ప్లేటు, ఆరు స్క్రూలు పడ్డాయి. పాదం పైకీ కిందకీ ఆడుతుంది, పక్కలకు తిరగదు. పరుగు అక్కడితో ఆగింది. తొమ్మిదేళ్ళుగా వీపు మీద నంబరు లేదు. సైకిలు మీద ఆ కాలు కుంటదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, రోడ్డుకు తెలుసు. ఇంకెవరికైనా తెలియాలంటే ఆ గుడ్డ కావాలి.

*

క్లిక్ బూట్లు తోటి ఉద్యోగి దగ్గర అడిగి తెచ్చింది. పాదాలు ఇద్దరివీ ఒకే సైజు. ఫ్లాట్ ముందు వసారాలో గోడ పట్టుకుని సైకిలెక్కి, కాళ్ళు పెడళ్ళకు తగిలించింది. రెండుసార్లు టక్కుమంది. పట్టు గట్టిగానే ఉంది. అయితే విడిపించుకోవాలంటే మడమను బయటికి తిప్పాలి. ఎడమ మడమ తిరిగింది. కుడి మడమ తిరగదు కనక మోకాలు తిప్పింది. నాలుగోసారికి మోకాలి లోపలి వైపు సూది గుచ్చినట్టయింది. అయిదోసారి ఆమె, సైకిలూ కలిసి ఎదురింటి వాళ్ళ చెప్పుల స్టాండు మీద పడ్డారు.

ఇనప బుట్ట సంగతి తేలడానికి అంతసేపు పట్టలేదు. ఆమె కుడి బూటులోపల ఎత్తు కోసం మందపాటి అట్ట ఉంటుంది. అది ఉంటే బూటు ముందు భాగం ఎడమదానికన్నా వేలెడు ఎత్తు. బుట్టలో సగమే దూరింది.

"ఇనప బుట్ట కాదు, కూరల బుట్ట కడదాం," అన్నాడు అన్నయ్య. అతను సిటీ బస్సు డ్రైవరు. "ఒసేయ్ బొంగరం, ఒక సంగతి చెప్పు. బ్రేకు లేని బండి ఎక్కడానికి ఇన్ని పరీక్షలా? నన్నడిగితే మొదటి ప్రశ్నకే ఫెయిల్ చేస్తాను."

"మీ బస్సుకి బ్రేకుంది," వంటింట్లోంచి వదిన అంది. "అయినా స్టాపు దాటి యాభై గజాలు పోతే గానీ ఆగదు. మీరు మాట్లాడకండి."

వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి ఊడిన పట్టీని వెలుగులోకి పట్టుకుని చూసింది. రెండు వైపులా లాగింది. కుట్టును గోటితో గీకింది. అటూ ఇటూ తిప్పింది.

"దీన్ని కుట్టినవాడు బళ్ళో పిల్లల సంచులు కుట్టేవాడై ఉంటాడు," అంది.

వదిన పెట్టుడు కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపులో పనిచేస్తుంది. పదమూడేళ్ళుగా ఆమె చేసేది పట్టీల పని. కాలికీ నడుముకీ, కాలికీ తొడకీ మధ్య ఉండే బెల్టులన్నీ ఆమె కొలిచి, కత్తిరించి, కుట్టినవే. బొంగరం బూటులో అట్ట కూడా ఆమె చేసిందే.

"మా వర్క్‌షాపు నుంచి వెళ్ళిన వాళ్ళు మేడలెక్కుతున్నారు, నిచ్చెనలెక్కుతున్నారు," అంది వదిన. "ఒకాయన కరెంటు స్తంభం ఎక్కుతున్నాడు. ఇంటి ఆడపడుచు కాలు సైకిలు మీదే నిలవలేదని తెలిస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? ఆ బూటు ఇలా తే."

*

పని ఎలా చెయ్యాలో వదినకు చెప్పనక్కర్లేదు. బూటు తొడిగించి బొంగరాన్ని నేల మీద నిలబెట్టింది. రెండు కాళ్ళ మీదా బరువు సమంగా వెయ్యమంది. పాదం వెడల్పు దగ్గర టేపు చుట్టింది. రెండు వందల డెబ్భై ఆరు మిల్లీమీటర్లు. మూడుసార్లు కొలిచి మూడుసార్లూ అదే వస్తే గానీ రాసుకోలేదు.

మర్నాడు వర్క్‌షాపులో భోజనాల వేళ నడుము బెల్టుల పట్టీని రెండు పొరలు వేసి కుట్టింది. ఎనిమిది వరసల కుట్టు. చివర వెల్క్రో, దాని మీద ఊడకుండా బకిల్. అట్ట చేసినప్పుడు తీసిన బొంగరం పాదం ప్లాస్టర్ అచ్చు అలమారలో ఉంది. దానికి బూటు తొడిగి, పట్టీలో బిగించి, మడమకు ముప్పై కిలోల ఇసుక సంచి కట్టి తలకిందులుగా వేలాడదీసింది. భోజనం చేసి, చేతులు కడుక్కుని వచ్చి చూసింది. సంచి అలాగే ఉంది. ఇంకో గంట ఉంచింది. వెంట్రుకవాసి కదల్లేదు.

ఆ సాయంత్రం వసారాలో పరీక్ష పెట్టారు. డిపోలో బస్సు చక్రాల కింద వేసే దిమ్మ ఒకటి అన్నయ్య తెచ్చాడు. దాన్ని సైకిలు చక్రం కింద వేశారు. అన్నయ్య లెక్కపెట్టాడు.

"ఒకటి. రెండు. మూడు. నాలు..."

కాలు గాల్లో ఉంది.

వదిన వంగి పట్టీని వేలితో లాగి చూసింది.

"అచ్చు మీద ఊడలేదే," అంది వదిన.

"అయితే ఆదివారం అచ్చునే సైకిలెక్కించు," అన్నాడు అన్నయ్య.

వదిన అతనివైపు చూసిన చూపుకి అతను దిమ్మ తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ వారంలో వదిన పట్టీని రెండుసార్లు విప్పి కుట్టింది. ఒకసారి బిగుతు పెంచింది. అప్పుడు కాలు ఊడలేదు కానీ బొంగరం రెండు వీధులు తిరిగొచ్చేసరికి వేళ్ళు తిమ్మిరెక్కి రంగు మారాయి. ఇంకోసారి పట్టీకి లోపల రబ్బరు అతికించింది. ఆరో లాగుడుకి ఊడింది. అచ్చు మీద మాత్రం ప్రతిసారీ నిలిచింది.

"వదినా, వదిలెయ్. నేను మోకాలు తిప్పుకుంటూ క్లిక్ బూట్లే అలవాటు చేసుకుంటాను," అంది బొంగరం.

"డాక్టరు ఏం చెప్పాడు?"

"మోకాలు తిప్పొద్దని."

"మరి?"

"చూద్దాం."

"చీలమండ అయింది, ఇక మోకాలి వంతా? ఆ బూటు విప్పు."

బొంగరం భోజనాల బల్ల మీద కూర్చుని ఉంది. కాళ్ళు కిందకు వేలాడుతున్నాయి. వదిన కింద కూర్చుని బూటు విప్పబోయి, అలవాటు కొద్దీ మెడలో ఉన్న టేపు తీసి పాదానికి చుట్టింది. చదివింది. మళ్ళీ చదివింది.

"రెండు వందల అరవై ఎనిమిది," అంది.

"తప్పు చూశావేమో."

"నేనా?" అంది వదిన. "లే. నిలబడు."

నిలబడింది. డెబ్భై ఆరు.

"కూర్చో."

అరవై ఎనిమిది.

"నిలబడు."

డెబ్భై ఆరు.

"ఏమిటి, డ్రిల్లు చేయిస్తున్నావా?" పేపరు మడుస్తూ అన్నయ్య అన్నాడు.

వదిన నేల మీదే కూర్చుండిపోయింది. టేపు ఒళ్ళో ఉంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక బల్ల కోడు పట్టుకుంది.

"పదమూడేళ్ళు," అంది. "పదమూడేళ్ళుగా నిలబెట్టే కొలుస్తున్నాను. మాకు నేర్పిందే అది. బరువు పడితేనే కొలత. మా దగ్గరికొచ్చే ప్రతి మనిషీ నిలబడ్డానికి వస్తాడు. నువ్వొక్కదానివే కాలు పైకి లాగడానికొచ్చావు."

బొంగరం పాదంలో ఎముకలు ఒకప్పుడు చెదిరి మళ్ళీ అతుక్కున్నవి. బరువు పడితే ఆ పాదం పరుచుకుంటుంది. బరువు తీస్తే ముడుచుకుంటుంది. పెడల్ కిందకు వెళ్ళేటప్పుడు తొక్కే పాదం డెబ్భై ఆరు. పైకి లాగే పాదం అరవై ఎనిమిది. ఆ ఎనిమిది మిల్లీమీటర్ల ఖాళీలోంచే కాలు జారిపోతోంది. ప్లాస్టర్ అచ్చు నిలబెట్టి తీసినది. దాన్ని తలకిందులుగా వేలాడదీసినా అది నిలబడిన పాదమే.

"ఇంతకీ తప్పు ఎవరిదన్నట్టు?" అన్నాడు అన్నయ్య.

"నాదే," అంది వదిన. అంత సంతోషంగా తప్పు ఒప్పుకున్న మనిషిని అతను అంతకు ముందు చూడలేదు. "వెళ్ళి సుద్దముక్క పట్రండి."

*

సుద్దముక్కతో బూటు మీద ఒక్కో వేలి దూరానికి ఒక్కో గీత గీసింది. అయిదు గీతలు. ప్రతి గీత దగ్గరా రెండు కొలతలు తీసింది. ఒకటి నిలబెట్టి, ఇంకోటి వేలాడేయించి. తేడాలు అన్నయ్య పేపరు అంచు మీద రాశాడు. ఎనిమిది. ఏడు. అయిదు. రెండు. మూడు.

నాలుగో గీత బూటు లేసులు ముగిసే చోట, పాదం పైవంపు మీద ఉంది. నిలబడినా, వేలాడినా పాదం అక్కడ దాదాపు ఒకేలా ఉంటోంది. బజార్లో పట్టీలన్నీ వేళ్ళ దగ్గర పట్టుకుంటాయి. వదిన తన పట్టీని నాలుగో గీతకు జరిపింది.

అక్కడ కడితే కాలు ఊడలేదు. పది లాగినా ఊడలేదు. పదిహేను లాగినా ఊడలేదు.

దిగబోతే కూడా ఊడలేదు.

"అన్నయ్యా!" అని వసారాలోంచి కేక వినిపించి అతను వెళ్ళేసరికి బొంగరం ఎదురింటి తలుపుకు ఆనుకుని సైకిలు మీదే ఉంది. అతను పట్టీ విప్పి చెల్లెల్ని దింపాడు. "ఇదే మా బస్సులో పెడితే టికెట్టు లేనివాడు ఒక్కడు దిగడు," అన్నాడు.

పట్టీని అడ్డంగా కుట్టడం వల్ల వచ్చిన చిక్కు అది. వదిన దాన్ని విప్పి, లోపలి కొసను ముందుకు, బయటి కొసను వెనక్కు జరిపి ఏటవాలుగా కుట్టింది. మొదటి రోజు ఏటవాలు ఎక్కువై ఎనిమిదో లాగుడుకి ఊడింది. రెండో రోజు అర వేలు తగ్గించింది. ఇప్పుడు పైకి లాగితే పట్టీ బిగుస్తోంది. మడమ కిందకు దించి, పాదాన్ని సూటిగా వెనక్కి జారిస్తే వదులుతోంది. మడమ తిప్పనక్కర్లేదు. దించితే చాలు. బొంగరం చీలమండకు మిగిలి ఉన్నది ఆ కదలికే.

పరీక్షకు అయిదు రోజులుంది. ఆ అయిదు రోజులూ బొంగరం ఆ పట్టీతోనే నమూనాలు మోసింది. ప్రతి సిగ్నలు దగ్గరా కుడికాలే దించింది.

*

ఆదివారం ఉదయం ట్రాక్ దగ్గరికి ముగ్గురూ వచ్చారు. అన్నయ్య డ్యూటీ మార్చుకున్నాడు. వదిన సంచిలో సూది, దారం, కత్తెర, టేపు తెచ్చుకుంది. అవసరం రాదు అని రెండుసార్లు అంది.

గంటాయన చక్రం కింద చెక్క దిమ్మ వేసి స్టూలు మీద కూర్చున్నాడు. ఎడమకాలు పదికి పది. కుడికాలి వైపు స్టూలు జరుపుకున్నాడు. కొత్త పట్టీ చూశాడు కానీ ఏమీ అనలేదు.

"ఒకటి," అన్నాడు.

బొంగరం లాగింది. బకిల్ కిర్రుమంది. పట్టీ నిలిచింది.

మూడు దాటింది. ఆరు దాటింది. ఎనిమిదో లాగుడుకి సైకిలే స్టాండులోంచి కొద్దిగా లేచింది. పదికి గంటాయన పెన్సిలు తియ్యలేదు.

"ఇంకో పది," అన్నాడు.

"అందరికీ పదే కదండీ?" అన్నాడు అన్నయ్య.

"అందరివీ నేనెరిగిన రకాలు."

వదిన భర్త మోచేయి పట్టుకుంది. "లాగనివ్వండి. ఇరవై కాదు, యాభై అననివ్వండి."

ఇరవై అయ్యాయి. గంటాయన వంగి పట్టీకి చూపుడువేలు ఆనించి కుట్టు వరసలు లెక్కపెట్టాడు. ఎనిమిది. ఏటవాలు చూశాడు. కట్టు మరీ వెనక ఉందేమిటని అడిగాడు. వదిన చెప్పింది. నిలబడితే ఎంత, వేలాడితే ఎంత, తేడా ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ, అన్నీ అంకెలతో చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు తగల్లేదు.

"ట్రాక్ మీదికి తీసుకుపో," అన్నాడు బొంగరంతో.

నిలబడ్డ చోటు నుంచి బయల్దేరి అయిదు చుట్లు. ఆఖరి చుట్టులో మలుపు పైనుంచి కిందకు దిగి, తెల్ల గీత దాటాక ఎర్ర గీతలోపల ఆగాలి. గీతల మధ్య నలభై మీటర్లు.

బయల్దేరినప్పుడు మొదటి నాలుగు తొక్కుళ్ళకు ఒక కాలు తొక్కుతుంటే రెండోది లాగింది. సైకిలు కదిలింది. రెండో చుట్టుకి ఆమె మలుపు మధ్యకెక్కింది. నాలుగో చుట్టుకి పై అంచు దాకా ఎక్కింది. అక్కణ్ణుంచి కింద ఉన్న ముగ్గురూ ఒక వరసలో కనిపించారు.

గంటాయన గంట కొట్టాడు.

మలుపు పైనుంచి సైకిలు కిందకు దిగింది. పెడళ్ళు ఆమె కాళ్ళను తిప్పడం మొదలుపెట్టాయి. వసారాలో దిమ్మ వేసి చూడలేనిది ఇదే. కుడి పాదం కింద పరుచుకుంది, పైన ముడుచుకుంది. ఒక్కో సెకనుకు రెండుసార్లకు పైనే. పట్టీ నాలుగో గీత మీద ఉంది. అక్కడే ఉంది. తెల్ల గీత వచ్చింది. ఆమె వెనక్కి బరువు వేసి కాళ్ళతో ఎదురు పట్టింది. కుడికాలు పైకి లాగింది, ఎడమకాలు ఆనించింది. చక్రం సిమెంటు మీద ఒక్క చప్పుడు చేసింది. ఎర్ర గీతకు మూడు మీటర్లు ఉందనగా సైకిలు ఆగింది.

ఆమె కుడి మడమ దించి, కాలు వెనక్కి జార్చి, నేల మీద పెట్టింది.

అన్నయ్య చప్పట్లు కొట్టబోయి ఆగి భార్యవైపు చూశాడు. వదిన చప్పట్లు కొట్టడం లేదు. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, వర్క్‌షాపులో కొత్త కాలితో మొదటిసారి నడిచే మనిషిని చూసినట్టు, పాదం వైపే చూస్తోంది.

"నువ్వు కుట్టినట్టే ఉంది," అన్నాడు.

"నేను కుట్టిందే," అంది వదిన.

గంటాయన పుస్తకం తెరిచాడు. వయసు రాశాడు, ఎత్తు రాశాడు. చివరి గడి పెడల్‌ది. ఆ పేజీలో పైనుంచి కింద దాకా రెండు మాటలే ఉన్నాయి. క్లిక్, బుట్ట. ఆయన పెన్సిలు ఆపాడు.

"దీన్నేమని రాయాలి?"

"వదిన పట్టీ అని రాయండి," అన్నాడు అన్నయ్య.

"మీకు నేను వదినెప్పుడయ్యాను?" అంది వదిన.

బొంగరం సైకిలు మీద పడి నవ్వింది. గంటాయన నవ్వలేదు గానీ ఆ రెండు మాటలే గుండ్రటి అక్షరాలతో రాశాడు. గోడ దగ్గరికి వెళ్ళి మేకుకున్న పంతొమ్మిది నంబరు గుడ్డ తెచ్చి బొంగరం చేతికిచ్చాడు. దాని వెనక పిన్నుల గుత్తి ఉంది.

వదిన పిన్నులు తీసుకోలేదు. ఆడపడుచును వెనక్కి తిప్పి, సంచిలోంచి సూది తీసి, గుడ్డ నాలుగు మూలలూ జెర్సీకి కుట్టింది. కుడుతున్నంతసేపూ బొంగరం కదలకుండా నిలబడింది. అన్నయ్య ఆ సంగతి గమనించి, ఆ పేరు ఇక మార్చాలేమో అన్నాడు.

గంటాయన పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు. ఆయన ఇప్పటికీ రోజూ పొద్దున్నే రెండు చుట్లు తొక్కుతాడు, ఇనప బుట్టలతో.

"ఏమ్మా," అన్నాడు వదినతో. "నా ఎడమ బొటనవేలు బుట్టలో ఒరుసుకుంటుంది. నాకొకటి కుడతావా?"

వదిన దారం కొరికి తెంపింది. మెడలోంచి టేపు తీసింది. ఆయన బూటు సరిచేసుకుని, రెండు కాళ్ళ మీదా బరువు వేసి, నిటారుగా నిలబడ్డాడు.

"అలా కాదండీ," అంది వదిన. "ఆ గట్టు మీద కూర్చోండి. కాలు వేలాడేయండి."